కెరెంహప్పుకు అంటే కాటుక బరిణె

పాపకు కెరెంహప్పుకు అని పెడదామనుకుంటున్నాం, అర్థం ఏమిటి, బడిలో ఇబ్బంది పడుతుందా అని అడిగారు. మా మేనత్త పేరు అదే. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి.

ఈ పేరు బైబిల్లోని యోబు గ్రంథం ఆఖరి అధ్యాయంలో ఉంది. కష్టాలు తీరాక యోబుకు ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు పుడతారు. విచిత్రంగా కొడుకుల పేర్లు లేవు, కూతుళ్ల పేర్లే ఉన్నాయి: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. అన్నదమ్ములతో పాటు వాళ్లకూ తండ్రి ఆస్తిలో వాటా ఇచ్చాడు. (ఈ వచనాన్ని మా అత్త మా నాన్న ఎదుట కావాలనే పైకి చదివేది.)

హీబ్రూలో కెరెన్ అంటే కొమ్ము. హప్పుకు అంటే కళ్లకు పెట్టుకునే అంజనం. కాటుక దాచుకునే కొమ్ము, అంటే మన కాటుక బరిణె. బైబిల్లో చెడ్డ రాణిగా పేరుపడ్డ యెజెబెలు కళ్లకు పెట్టుకున్నదీ ఆ కాటుకే. అందుకని ఇదేం పేరని సంఘంలో ఒక పెద్దాయన గొణిగాడట, మా తాతయ్య వినలేదు.

అసలు తంటా బడిలో వచ్చింది. ఒడియా మాస్టారికి ఈ పేరు ఎంతకీ నోరు తిరగక రిజిస్టర్లో 'కిరణ' అని రాసేశారు. సంస్కృతంలోని కిరణానికీ దీనికీ చుట్టరికం లేదు. కానీ హీబ్రూలో కొమ్ము, వెలుగు రెండూ ఒకే ధాతువులో కలుస్తాయి. నిర్గమకాండం 34వ అధ్యాయంలో మోషే ముఖం ప్రకాశించిందని చెప్పే క్రియ కూడా ఈ కెరెన్ నుంచి వచ్చిందే. లాటిన్ బైబిల్లో దాన్ని 'కొమ్ములు గలది' అని అనువదించారు. రోములో మైకెలాంజిలో చెక్కిన మోషే తలమీద కొమ్ములు ఉండటానికి కారణం అదే. అంటే మాస్టారు తెలియకుండానే అర్థానికి దగ్గరగా వెళ్లారు! అయితే బాప్తిస్మం రిజిస్టర్లో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకొకటి కావడంతో పెళ్లయ్యాక కూడా అత్త నోటరీ అఫిడవిట్ల చుట్టూ తిరిగింది.

పిల్లలు ఏడిపిస్తారా అంటే, ఏడిపిస్తారు. మన వైపు 'హ' నిలవదు కదా. "కెరెన్ అప్పుకొచ్చింది, ఇవ్వకండి" అని కిరాణా కొట్టు దగ్గర అత్తను ఆటపట్టించేవారట.

నా మాట వింటే కెరెన్ అని పెట్టండి, పూర్తి పేరు బాప్తిస్మంలో పలికించండి. నెట్‌లో కారెన్ అని వెతికి ఆ అర్థం దీనికి అంటగట్టకండి. అది కేథరిన్‌కు డేనిష్ రూపం, వేరే పేరు. జనన ధ్రువపత్రానికి వెళ్లేముందు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింట్లోనూ స్పెల్లింగు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. నోటితో చెబితే మళ్లీ కిరణే అవుతుంది.