బంధం తెగితే శక్తి వస్తుందా, ఖర్చవుతుందా?

వంటగ్యాసు మండేటప్పుడు అందులోని రసాయన బంధాలు, అంటే పరమాణువులను కలిపి ఉంచేవి, తెగడం వల్లనే వేడి పుడుతుందా అన్న ప్రశ్నకు సమాధానం: కాదు. బంధాన్ని తెంచడానికి ఎప్పుడూ శక్తి కావాలి. కొత్త బంధం ఏర్పడినప్పుడే శక్తి వెలువడుతుంది. చెన్నై టి.నగర్‌లోని మా వంటింట్లో స్టవ్వు తిప్పి లైటర్ నొక్కకపోతే వాసన వస్తుందే తప్ప మంట రాదు, ఎందుకంటే తొలి బంధాలను తెంచే శక్తిని ఆ నిప్పురవ్వే అందించాలి.

హైడ్రోజన్, క్లోరిన్‌ల లెక్క చూడండి: ఒక్కో మోల్ (అణువులను, బంధాలను లెక్కించే కొలమానం) బంధాలను తెంచడానికి వరుసగా సుమారు 436, 243 కిలోజౌళ్లు, అంటే మొత్తం 679 ఖర్చవుతాయి; ఏర్పడే రెండు మోల్‌ల హైడ్రోజన్ క్లోరైడ్ మోల్‌కు 431 చొప్పున 862 తిరిగి ఇస్తుంది కనుక, తేడాగా మిగిలిన 183 కిలోజౌళ్లు వేడిగా బయటపడతాయి. జీవకణాలకు శక్తిని అందించే అణువైన ఏటీపీకి తగిలించిన ‘అధికశక్తి బంధం’ అన్న పేరే, నా దృష్టిలో, బంధం తెగితే శక్తి వస్తుందన్న ఈ అపోహకు సగం కారణం.