తూటాలు బుక్ చేసేముందు ట్విస్ట్ కొలిచి చూడు

ఒరేయ్ చిన్నా,

బరువు బుల్లెట్ అయితే గాలికి తక్కువ కొట్టుకుపోద్ది, క్లబ్ ద్వారా అవే తెప్పించుకుంటా అన్నావు కదా, కాస్త ఆగు. గాలి మాట నిజమే, కానీ నీ బ్యారెల్ ఆ బుల్లెట్‌ని సరిగ్గా తిప్పగలదా లేదా చూడకుండా డబ్బు కట్టొద్దు.

ట్విస్ట్ అంటే బుల్లెట్‌ని తిప్పడానికి బ్యారెల్ లోపల చెక్కిన గాడుల మెలి, 1:12 అంటే ఆ గాడులు 12 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయని, 1:8 అంటే ఇంకా ఫాస్ట్ అని నీకు తెలుసు. అందరూ గ్రెయిన్లు గ్రెయిన్లు (బుల్లెట్ బరువు కొలత) అంటారు గానీ అసలు చూడాల్సింది పొడవు రా. ఒకే క్యాలిబర్లో, అంటే ఒకే వ్యాసంలో, బరువు పెరిగితే పొడవూ పెరుగుద్ది కాబట్టి బరువు చెప్తే చాలనుకుంటారు, కానీ సీసం లేకుండా మొత్తం రాగితో చేసిన బుల్లెట్ అదే బరువుకి ఇంకా పొడుగ్గా వస్తది, దానికి ఇంకా ఫాస్ట్ ట్విస్ట్ కావాలి.

1879 నాటి గ్రీన్‌హిల్ లెక్క ఇప్పటికీ మొదటి అంచనాకి బానే పనికొస్తుంది. బుల్లెట్ వ్యాసాన్ని దాంతోనే గుణించి, 150తో గుణించి, పొడవుతో భాగించు, అన్నీ అంగుళాల్లోనే. 0.308 వ్యాసం, 1.21 పొడవున్న 168 గ్రెయిన్ మ్యాచ్ బుల్లెట్‌కి వేస్తే 11.8 దాకా వస్తది, అంటే దాదాపు 12 అంగుళాలకి ఒక చుట్టు, అందుకే దానికి 1:12 బ్యారెల్ సరిపోతుందంటారు, 175 పైకి పోయేవాళ్ళు 1:10 చూసుకుంటారు. స్పీడ్ సెకనుకి 2800 అడుగులు దాటితే 150 బదులు 180 వేస్తారు. ఇంకొంచెం కరెక్ట్‌గా కావాలంటే మిల్లర్ ఫార్ములా ఉంది, అందులో స్టెబిలిటీ నంబర్ (బుల్లెట్ ఎంత నిలకడగా పోద్దో చెప్పే అంకె) 1.5 దగ్గర ఉంటే హాయి, 1 కంటే తగ్గితే బుల్లెట్ గాల్లోనే పల్టీలు కొడుద్ది, టార్గెట్ మీద గుండ్రటి చిల్లు బదులు పక్కకి పడ్డట్టు పొడుగు చిల్లు కనబడుద్ది.

స్పీడ్ పెంచితే సర్దుకుంటుందేమో అనుకోకు. స్పీడ్ 10 శాతం పెంచినా ఆ నంబర్ 3 శాతమే పెరుగుద్ది, దానికోసం తుపాకి మందు ఎక్కువ వేసిన తూటా కాల్చి ప్రెషర్‌తో చెలగాటం ఆడొద్దు, ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. స్పీడ్ కంటే గాలి సాంద్రత ఎక్కువ పని చేస్తది. ఏఆర్-15 రైఫిల్ మొదట్లో 1:14తో వచ్చింది, చలిలో గాలి చిక్కబడితే 55 గ్రెయిన్ బుల్లెట్ నిలకడగా పోక 1:12కి మార్చారు. మీ బెంగళూరు 3000 అడుగుల ఎత్తు, అక్కడ మన చెన్నై కంటే గాలి పల్చన, అంటే అక్కడ అంచుమీద నెట్టుకొచ్చిన బుల్లెట్ ఇక్కడ మ్యాచ్‌కొస్తే చేతులెత్తేయొచ్చు, కాబట్టి చెన్నైకి సరిపోయేలా ఎంచుకో.

నీ .22 రైఫిల్‌కి ఈ తలనొప్పి లేదులే, దాదాపు అన్నీ 1:16, 40 గ్రెయిన్, మ్యాచ్ తూటాలు సెకనుకి 1080 అడుగుల దగ్గర ధ్వని వేగం లోపే పోతాయి. 60 గ్రెయిన్‌వి మాత్రం పొడుగెక్కువ, ముట్టుకోకు.

ట్విస్ట్ కొలవడం ఇలా. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి బోల్ట్ (బ్యారెల్ వెనక మూసే భాగం) తీసెయ్. పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కి గుడ్డ ముక్క బిగుతుగా చుట్టి వెనకనుంచి లోపలికి తొయ్యి, రాడ్ మీద పైన పెన్నుతో ఒక గీత పెట్టు, గీత ఒక చుట్టు తిరిగి మళ్ళీ పైకి వచ్చేదాకా నెమ్మదిగా తోసి రాడ్ ఎంత లోపలికి పోయిందో టేపుతో కొలువు. గుడ్డ వదులైతే జారిపోయి తప్పు లెక్క వస్తది, రెండు మూడు సార్లు చూడు. ఆ అంకె, కొనాలనుకున్న బుల్లెట్ పొడవు రెండూ వాట్సాప్ చెయ్యి, లెక్క వేసి చెప్తా, అప్పుడు బుక్ చేద్దువుగానీ.

మీ పెదనాన్న