కుక్కకు పురాణాల్లోంచి గట్టి పేరు కావాలంటే: మా దిక్కు అనుభవం

మీరు అడిగింది ఇది: మహబూబ్‌నగర్‌లో మీ ఇంటికి రెండు నెలల మగ కుక్కపిల్ల వచ్చింది, పురాణాల్లోంచి గట్టి పేరు కావాలి. దోస్తులు పరదేశపు దేవుళ్ల పేర్లు, జ్యూస్ (Zeus) అనో థార్ (Thor) అనో పెట్టమంటున్నరు. ఇంట్ల అవ్వ మాత్రం దేవుడి పేరు పెడితే ఊకోనంటున్నది. నేను నల్లగొండ దిక్కు బత్తాయి తోట చూసుకునేటోడిని. తోటకు అడవిపందుల బాధ, ఇంటికి కోతుల బాధ, అందుకే మా దగ్గర కుక్క లేని ఏడాది లేదు. పేర్లు పెట్టే పని ఎప్పుడూ నా మీదనే పడ్తది కాబట్టి నాకు తోచింది చెప్త.

నేనైతే మీ అవ్వ దిక్కే. ఆమె అంటున్నది భక్తి గురించి కావొచ్చు, నేను చెప్పేది ఇరుగుపొరుగు గురించి. మన దగ్గర దేవుళ్ల పేర్లు గుడిలనే ఉండవు, ప్రతి ఇంట్ల ఉంటయి. యాదగిరిగుట్ట, మట్టపల్లి పుణ్యమా అని నల్లగొండల ఏ హోటల్ ముందట నిలబడి "నర్సింహా" అని పిలిచినా ముగ్గురు తిరిగి చూస్తరు. చెర్వుగట్టు దిక్కు లింగయ్యలు, జాన్‌పహాడ్ దర్గా దిక్కు సైదులు, మీ పాలమూరుల కురుమూర్తి స్వామి పేరు మీద కురుమయ్యలు. ఆంజనేయులు, మల్లయ్య అయితే లెక్కే లేదు. మా పక్క బాయి వాళ్లు ముద్దుగా కుక్కకు మల్లన్న అని పెట్టుకున్నరు. బత్తాయి కోతకు కూలికి వచ్చిన మల్లయ్య మొదటి రోజు నవ్విండు, రెండో రోజు నవ్వలే. "మల్లన్నా, అన్నంల మూతి పెట్టకు" అని పొద్దున్నే ఎవరో అరుస్తుంటే ఏ మనిషి మాత్రం ఎంతసేపు నవ్వుతడు? కుక్క పేరు మోతి అయింది, గొడవ పోయింది.

దేవుళ్లను వదిలిపెట్టి వీరులను తీసుకుందామంటే అక్కడ కూడ జెర చూసుకొని నడవాలె. ఏకలవ్య అంటే గంభీరంగా ఉంటది, నిజమే. కానీ ఎరుకల వాళ్లు ఆయన్ని తమ మూలపురుషుడిగా తలుస్తరు. పైగా ఆ కథలో పాండవుల వెంట వచ్చిన కుక్క మొరిగితే ఏకలవ్యుడు దాని నోరంతా బాణాలతో నింపిండు. ఆ పేరు కుక్కకే పెట్టుడు రెండు తీర్లా బాగుండదు. జాంబవంతుడు కూడ అంతే. మాదిగ కులపురాణం మొదలయ్యేదే ఆయనతోని, చిందు వాళ్లు జాంబపురాణం ఆడేటప్పుడు ఊరంతా కూసొని చూస్తది. కాటమరాజు గొల్లల వీరుడు, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు పోయేటోళ్ల ముందట ఆ పేరుతోని కుక్కను పిలుస్తమా? శరభ అని ఒక దోస్తు సలహా ఇచ్చిండు. వినడానికి మస్తుగుంటది. కానీ శైవుల కథలో శరభుడు నరసింహస్వామినే అణచినోడు, యాదగిరి నర్సన్నను మొక్కే ఊర్లో ఆ కథ ఎవరన్న అడిగితే ఏమని చెప్పాలె?

ఇక కుక్కతోని సంబంధం ఉన్న దేవుళ్లు. భైరవుడి వాహనం కుక్క. అందుకే భైరవ అని పెట్టేటోళ్లు చానామంది ఉన్నరు. తప్పని నేను అనను గానీ వాహనానికి స్వామి పేరు పెట్టినట్టు అయితది, మీ అవ్వ అడిగే మొదటి మాట అదే. దత్తాత్రేయుడి పక్కన నాలుగు కుక్కలుంటయి, అవి నాలుగు వేదాలని చెప్తరు. మక్తల్ నుంచి పంచదేవ్ పహాడ్ పోయి, కృష్ణ దాటి కురువపురం దత్తక్షేత్రం దర్శనం చేసుకొచ్చినోళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఆ కుక్కలకు విడివిడిగా పేర్లు పెట్టుకుందామంటే ఋగ్, యజుర్ అని పిలవాల్సి వస్తది. వద్దు.

నాకు అన్నిటికన్న గట్టిగా అనిపించేది కుక్కలే పాత్రలైన కథలు. మొదటిది సరమ. ఇంద్రుడి కుక్క. పణులు అనేటోళ్లు ఆవులను ఎత్తుకపోయి కొండలో దాస్తే, జాడ పట్టుకుంట రస అనే నది దాటి పోయి వాళ్ల ముందట ఒంటిగ నిలబడ్డది. ఋగ్వేదం పదో మండలంలో 108వ సూక్తమంతా వాళ్లకూ దీనికీ నడిచిన మాటామాట. "మాకు చెల్లెలివై ఇక్కడనే ఉండిపో, ఆవుల్లో నీకూ వాటా ఇస్తం" అని పణులు ఆశపెడతరు. అన్నా చెల్లె వరసలు నాకు తెల్వవు, ఇంద్రుడు వస్తున్నడు, దూరం పోండి అంటది సరమ. కావలి కుక్కకు ఇంతకన్న ఏం కావాలె! (తర్వాతి కాలంలో ఇంకో కథ పుట్టింది, పణులు ఇచ్చిన పాలు తాగి వచ్చి అబద్ధం చెప్పిందని. బర్రెల కొట్టం కాడ కట్టేసే కుక్కలను చూసినోళ్లు ఈ రెండో కథను కూడ నమ్ముతరు.)

మహాభారతంలో కూడ సరమ వస్తది. జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తుంటే అటు వచ్చిన సరమ పిల్లను ఆయన తమ్ముళ్లు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు కొట్టిన్రు. అది హవిస్సును ముట్టలే, నాకలే. సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి, ఏం తప్పు చేసిందని నా పిల్లను కొట్టిన్రని అడిగింది. జవాబు రాలే. అనుకోని భయం మీకు వస్తదని చెప్పి పోయింది. నన్నయ ఆదిపర్వంలో ఈ ఘట్టం చూడండి: మంచీ చెడూ ఆలోచించకుండ సాధువులకూ పేదలకూ కీడు చేసేటోళ్లకు కారణం లేకుండనే భయాలు వస్తయని సరమ నోట చెప్పిస్తడు. రాజును నిలదీసిన కుక్క, దానికి పద్యం ఇచ్చిన కవి. మా తోటల ఆడకుక్కకు అందుకే సరమ అని పెట్టిన. విభీషణుడి భార్య పేరు కూడ సరమనే కదా అని మా మేనత్త గుర్తుచేసింది, అశోకవనంలో సీతమ్మకు ధైర్యం చెప్పిన ఆమె. ఆ పేరుతోని మా చుట్టుపక్కల మనుషులెవరూ లేరు కాబట్టి పేచీ రాలేదు.

మీది మగపిల్ల కాబట్టి సరమ కొడుకుల దిక్కు చూడండి. యముడి తొవ్వ కాసే రెండు కుక్కలు, శ్యాముడు, శబలుడు. వాటికి నాలుగేసి కండ్లని ఋగ్వేదమే చెప్తది. కనుబొమ్మల మీద రెండు మచ్చలున్న కుక్కను మీరు చూసే ఉంటరు. డాబర్‌మన్, రాట్‌వీలర్ పిల్లలకు ఆ మచ్చలు బాగా కనవడ్తయి, మన ఊరకుక్కల్లో కూడ ఉంటయి. మీ పిల్లకు అట్లాంటి మచ్చలుంటే శబల (మచ్చలది అని అర్థం) అన్న పేరుకు ఇంకో ఆలోచన అక్కర్లేదు. నల్లగ ఉంటే శ్యామ. యముడి కుక్కల పేర్లు అశుభం కదా అని ఎవరన్న అంటే, దొంగలకు అశుభం అనండి.

ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన కుక్క సంగతి అందరూ చెప్తరు. అది ధర్మదేవతే మారు రూపంలో వచ్చింది, దానికి కథలో పేరే లేదు. పేరు వెతుక్కునేటోళ్లకు ఆ కథ ఉపయోగపడదు.

మీ దోస్తుల లిస్టుకు వస్త. గ్రీకుల దేవరాజు పేరు గల్లీలో పిలిస్తే బత్తాయి జ్యూసా, మోసంబి జ్యూసా అని అడుగుతరు. థార్ అంటే పిల్లలు జీపు ఎక్కడని చూస్తరు. హెర్క్యులెస్ అంటే మా నాయినకు సైకిలే యాదికొస్తది. ఫెన్రిర్ అని ఇంకొకరు చెప్తరు, అది కుక్క కాదు, ఉత్తర ఐరోపా పాత కథల తోడేలు, తనను కట్టేసేటప్పుడు దేవుడి చెయ్యి కొరికింది, ఆ పేరు ఎందుకు? పరదేశం పేరే కావాలంటే ఆర్గోస్ బాగుంటది. గ్రీకుల ఒడిస్సీలో యజమాని 20 ఏండ్ల తర్వాత బిచ్చగాడి వేషంల ఇంటికొస్తే, పెంటకుప్ప మీద పండుకున్న ముసలి కుక్క ఆర్గోస్ ఆయన్ని గుర్తుపట్టి తోక ఊపి ప్రాణం ఇడుస్తది. మన కథలకు ఏమాత్రం తీసిపోదు.

కుక్కలవి కాని పేర్లల్ల నాకు నచ్చేటివి కొన్నున్నయి. వాలి: రెండక్షరాలు, బలమంటే అదే బలం, మన దిక్కు మనుషులకు పెట్టరు. అంగద: రాయబారం కథలో రావణుడి కొలువుల కాలు నాటితే ఎవరూ కదిలించలేకపోయిన్రని వింటం కదా, తలుపు అడ్డం పండుకొని ఎంత తోసినా లేవని కుక్కకు సరిగ్గ సరిపోతది. జటాయువును జటా అని పిలుచుకోవచ్చు, ఓడిపోతదని తెలిసి కూడ రావణుడికి అడ్డం పోయిన పక్షి. వజ్ర ఇంద్రుడి ఆయుధం, దధీచి ఎముకలతో చేసింది.

వజ్ర, రుద్ర లాంటివాటితో ఒక తిరకాసు ఉంది. గట్టిగ పిలిస్తే చివర "రా" వినవడ్తది. మనం రోజూ రమ్మనే మాట కూడ అదే. దూరంల ఉన్నప్పుడు పిలవడానికి మంచిదే, పేరు వినంగనే ఉరికొస్తది. కానీ "రుద్రా, అక్కడనే ఉండు" అన్నప్పుడు సగం కుక్కలు లేచి వచ్చేస్తయి. వాలి, జటా, శ్యామకు ఆ ఇబ్బంది లేదు. ఘటోత్కచ, అశ్వత్థామ లాంటివి రాసుకోవడానికి బాగుంటయి, పంది తోటల పడ్డప్పుడు అంత పేరు పలికేలోపు అది చెట్ల మొదళ్లు తవ్వి పోతది.

పంది అంటే యాదికొచ్చింది, ఇది పురాణం కాదు, నిజంగ జరిగిందే. కర్ణాటకలో మండ్య దిక్కు ఆతకూరు అనే ఊర్లో 949 నాటి వీరగల్లు (వీరుల యాదికి నాటే రాయి) శాసనం దొరికింది. రాష్ట్రకూట మూడో కృష్ణుడి కాలం. గంగ రాజు బూతుగ తన వీరుడు మణలేరను ఏం కావాలో కోరుకోమంటే, కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకున్నడు. ఆ కాళి పెద్ద అడవిపందితోని కొట్లాడి, రెండూ కలిసి చచ్చినయి. కుక్క పేరు మీద రాయి నాటి, దాని పూజకు భూమి కూడ రాసిచ్చిన్రు. పోయినేడు మా దగ్గరికి వచ్చిన కొత్త పిల్లకు కాళి అని పెడ్తనంటే మా ఇంటామె ఒప్పుకోలే, అమ్మవారి పేరని. సరే, వాలి అయింది.

ఏ పేరైనా ముద్ద పెట్టేటప్పుడే పిలవండి, తిట్టేటప్పుడు ఆ పేరు వాడకండి, తొందరగ పట్టుకుంటది. పశువుల దవాఖానల రేబీస్ టీకాకు పోతే కార్డు మీద పేరు రాస్తరు, అప్పటికి ఖాయం చేసుకోండి. దానికి ముందు మీ అవ్వతోని ఒకసారి పిలిపించి చూడండి. రోజూ బువ్వ పెట్టేది ఆమెనే అయితే ఆమె నోటికి తిరిగిన పేరే నిలుస్తది. మీరు శబల అని పెట్టినా ఆమె "శబ్లిగా" అనే పిలుస్తది, కుక్క కూడ దానికే పలుకుతది.