జపనీస్ అనిమోన్ నాటి రెండేళ్ళయినా పూయలేదు, తీసి వేరేచోట నాటమంటారా?

వద్దండీ. గునపం జోలికే వెళ్ళకండి. రెండేళ్ళుగా నాలుగు ఆకులే తప్ప మొగ్గ లేదని, చోటు మారిస్తే పూస్తుందేమోనని మీరు రాశారు. నాకూ ఇదే ఆలోచన వచ్చింది, అలాగే చేశాను, మొక్క పోయింది.

నాది హోనరీన్ జోబర్ట్ అనే తెల్లపూల రకం. మొదటి ఏడు బెత్తెడు ఎదిగింది. రెండో ఏడు ఇంకో బెత్తెడు. చుట్టూ ఉన్నవన్నీ విరగబూస్తుంటే ఇది మాత్రం నేలకి అంటుకునే ఉంది. చలి మొదలయ్యే ముందు ఓ సాయంత్రం తవ్వేశాను. పైన కనిపించే ఆకులను బట్టి వేళ్ళు కూడా గుప్పెడే ఉంటాయనుకున్నాను. కాదు. గోధుమరంగు వేళ్ళు, కొన్ని పెన్సిల్ మందాన, ఎంత తవ్వినా ఇంకా కిందికి దిగుతూనే ఉన్నాయి. ఓపిక పట్టలేక లాగాను. పటుక్కుమని తెగాయి. చేతికి వచ్చింది జానెడు కూడా లేదు. దాన్నే కొత్త గుంటలో నాటాను. ఆ చలికాలం తడికి మొదలు మెత్తబడి కుళ్ళిపోయింది.

వసంతం వచ్చాక ఆ పాత గుంటలో వేరే మొక్క పెడదామని వెళితే, మట్టిని చీల్చుకుని మడతలు పడ్డ చిన్న చిన్న ఆకులు, వాటి మీద తెల్లటి నూగు. లెక్కపెడితే పదకొండు మొలకలు! తెగి నేలలో ఉండిపోయిన వేరు ముక్కలన్నీ మొలిచాయన్నమాట. మళ్ళీ చెయ్యి పెట్టలేదు. ఆ మరుసటి ఏడు శరదృతువులో నడుమెత్తు కాడలు లేచి పూశాయి.

మీకు చెప్పదలచుకున్నది ఇదే. ఈ మొక్క బతుకంతా వేళ్ళలోనే ఉంది. మొదటి రెండేళ్ళూ పైకి ఎదగక దిగులు పెడుతుంది గానీ కింద దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. మీరు కదిలిస్తే ఆ పనంతా మొదటికొస్తుంది. ఒకసారి కుదురుకున్నాక మాత్రం పిలకలు వేసుకుంటూ పక్క పాదుల్లోకి కూడా వచ్చేస్తుంది, అప్పుడు అడ్డుకోవడమే మీ పని. కొత్త మొక్కలు కావాలన్నా ఇంతే: చలికాలంలో రెండంగుళాల వేరు ముక్కలు కోసి, మట్టి మీద పడుకోబెట్టి, పైన పలచగా మట్టి కప్పితే చాలు. కోసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి, రసం తగిలితే చర్మం మండుతుంది.

నా అసలు కోపం మొక్కలతో వచ్చే లేబుళ్ళ మీద. నా దాని మీద "పూర్తి ఎండ" అని రాసి ఉంది. పొద్దుటెండ చాలు దీనికి. నేల ఎండిపోయి మధ్యాహ్నపు ఎండ కూడా తగిలితే ఆకుల అంచులు మాడిపోతాయి. తేమ ఉండాలి, నీళ్ళు మాత్రం నిలవకూడదు, ముఖ్యంగా చలికాలంలో. కుదురుకోవడానికి రెండు మూడేళ్ళు పడుతుందన్న ఒక్క ముక్క ఆ లేబుల్ మీద ఉంటే ఎన్ని మొక్కలు బతికేవో!

పేరు కూడా అంతే. దీని పుట్టిల్లు చైనా. ఎన్నో వందల ఏళ్ళుగా జపాన్‌లో పెంచుతున్నారు, అక్కడ చూసిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త థున్‌బర్గ్ 1784లో జపోనికా అని పేరు పెట్టేశాడు. 1840లలో మొక్కలు సేకరించడానికి చైనా వెళ్ళిన రాబర్ట్ ఫార్చ్యూన్ షాంఘైలో కోటగోడల దగ్గర సమాధుల మధ్య విరగబూసి ఉండగా చూసి ఇంగ్లండుకు పంపాడు. సమాధుల మధ్య ఎవరూ తవ్వరు, ఎవరూ చోటు మార్చరు. అందుకే అంత బాగా పూసి ఉంటాయని నా గట్టి నమ్మకం.

నా మొదటి పువ్వును గంటసేపు చూశాను. మొగ్గ గుండ్రంగా, బూడిదరంగు పట్టు కప్పుకున్నట్టు ఉంటుంది. విచ్చుకుంటే నడుమ ఆకుపచ్చటి గుండు, దాని చుట్టూ పసుపు కేసరాల వలయం. మనం రేకులనుకునేవి నిజానికి రక్షకపత్రాలే, అంటే మామూలుగా మొగ్గను కప్పి ఉంచే భాగాలు. అవి రాలిపోయాక కూడా ఆ పచ్చగుండు కాడ చివర రోజుల తరబడి నిలబడే ఉంటుంది.

ఇప్పటికి మీరు చేయాల్సింది ఒక్కటే. పాదులో బాగా చివికిన ఆకుల ఎరువు రెండంగుళాల మందాన పరచండి, మొదలుకు మాత్రం తగలనివ్వకండి. ఎండిన కాడలుంటే చలికాలం చివర్లో కోసేయండి. ఈ ఏడు కూడా పూయకపోతే చోటు మార్చడం కాదు, పైన నీడ కమ్మేసిన కొమ్మ ఏదైనా ఉందేమో చూసి దాన్ని కొట్టించండి.