టెక్ సందేహాలు: ల్యాప్‌టాప్‌లో బాగున్న పోస్టర్ ప్రింట్‌లో ఎందుకు చెడింది?

ప్రశ్న: వరంగల్‌లో వ్యవసాయ విస్తరణలో పీహెచ్‌డీ చేస్తున్నానండి. సదస్సు కోసం ఏ0 సైజు పోస్టర్ పవర్‌పాయింట్‌లో చేశాను. ఫ్లెక్సీ షాపులో ప్రింట్ తీస్తే ఫొటోలు మసకబారాయి, గుండ్రటి చార్టు కోడిగుడ్డులా సాగింది, తెలుగులో వత్తులు ఊడిపోయాయి. లోపం వాళ్ల మెషీన్‌దేనా?

జవాబు: మెషీన్‌ని తిట్టకండి. తేడా ఫైల్లోనే ఉంది.

మీరు మామూలు స్లైడ్ మీదే పని మొదలుపెట్టి ఉంటారు. అది 13.33 అంగుళాల వెడల్పు, 7.5 అంగుళాల ఎత్తు. ఏ0 కాగితం 84.1 x 118.9 సెంటీమీటర్లు. రెండింటి కొలతల నిష్పత్తి వేరు కాబట్టి షాపతను లాగి సరిపెట్టాడు, చార్టు సాగింది. డిజైన్ మెనూలో స్లైడ్ సైజ్, కస్టమ్‌కి వెళ్లి ముందే ఏ0 కొలతలు ఇవ్వండి. పవర్‌పాయింట్ 56 అంగుళాల దాకా ఒప్పుకుంటుంది, ఏ0 పొడవు 46.8 అంగుళాలే.

ఇక మసక. సేవ్ చేసేటప్పుడు పవర్‌పాయింట్ చాలా వెర్షన్లలో ఫొటోల్ని చడీచప్పుడు లేకుండా అంగుళానికి 220 పిక్సెళ్లకు కుదించేస్తుంది. చిన్న స్లైడ్ నిండా పరిచిన ఫొటోలో అడ్డంగా మిగిలేవి దాదాపు 2,930 పిక్సెళ్లు. వాటినే 46.8 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 62 పైచిలుకు. కనీసం 150 ఉండాలి. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి, ఫైల్‌లో ఇమేజ్‌లను కంప్రెస్ చేయొద్దన్న చోట టిక్ పెట్టండి. ఒకసారి కుదించుకుపోయిన ఫొటో మళ్లీ కోలుకోదు, ఒరిజినల్‌ని కొత్తగా పెట్టుకోవాల్సిందే. గైడ్ గారు వాట్సాప్‌లో పంపిన పొలం ఫొటో అయితే డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి. గ్రాఫులకు స్క్రీన్‌షాట్లు వద్దు. ఎక్సెల్ చార్టునే కాపీ చేసి పెట్టండి. ఆర్, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషల్లో గ్రాఫు గీస్తే ఎస్‌వీజీ అనే ఫైల్ రకంలో సేవ్ చేయండి, ఎంత పెంచినా గీత చెదరదు.

వత్తుల గొడవ మన భాషకు పాతదే. మీ ఫాంట్ షాపు కంప్యూటర్లో లేకపోయినా, ఫైల్ని షాపులవాళ్లు వాడే కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్‌గా తెరిచినా ‘విస్తరణ’ కాస్తా ‘విస్‌తరణ’ అయి కూర్చుంటుంది. పవర్‌పాయింట్ ఫైల్ (పీపీటీ) ఇవ్వకండి, పీడీఎఫ్ ఇవ్వండి. అంతటితో ఊరుకోకండి. కోరెల్‌డ్రాలోకి తీసుకునేటప్పుడు ‘టెక్స్ట్ కాదు, కర్వ్స్’ ఎంచుకోమని అడగండి. అప్పుడు అక్షరాలు బొమ్మల్లా వస్తాయి, చెదరవు. షాపులో నిలబడి చూసుకోవాల్సింది ఇదొక్కటే.

ఫ్లెక్సీ గురించి ఒక మాట. అది రోడ్డవతల నుంచి చూసే పుట్టినరోజు బ్యానర్లకు బాగుంటుంది. మీ పోస్టర్ని జనం దగ్గరగా నిలబడి చదువుతారు. ఆ గరుకు గుడ్డ మీద గ్రాఫు పక్కనున్న సన్నటి అంకెలు అలుక్కుపోతాయి. ప్లాటర్ (రోల్ కాగితం మీద పెద్ద సైజులో తీసే ప్రింటర్) ఉన్న షాపు వెతికి మ్యాట్ కాగితం మీద తీయించండి. 36 అంగుళాల రోల్ ఉందేమో అడగండి, 24 అంగుళాలదైతే ఏ0లో సగముండే ఏ1 దాకానే.

డబ్బు కట్టే ముందు అదే పీడీఎఫ్‌ని ఇంట్లో ఏ4 మీద తీయండి. ఏ0కి అది సరిగ్గా నాలుగో వంతు వెడల్పు, కాబట్టి 24 పాయింట్ల అక్షరం అందులో 6 పాయింట్లకు దిగుతుంది. కళ్లు చికిలించకుండా చదవగలిగితే సైజు సరిపోయినట్టే. ఆ కాగితాన్ని పారేయకుండా షాపుకి పట్టుకెళ్లండి. ప్రింట్ నొక్కేముందు అతని స్క్రీన్ పక్కన పెట్టి వత్తులు పోల్చుకోవచ్చు.