పైవాటాలో ఎండాకాలం: ఎంసీబీ పడిపోతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది చెన్నై కొళత్తూరులో 28 ఏళ్ల కిందట కట్టిన ఇల్లు. కింద మేముంటాం, పైన రెండు వాటాలు అద్దెకిచ్చాం. కిందటేడు ఒక వాటాలో అబ్బాయి ఏసీ పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ రాత్రిపూట తరచూ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి "ఇది చిన్నదమ్మా, 32 ఆంప్స్‌ది వేస్తే ఇక పడదు" అంటున్నాడు. రెండో వాటాలో చంటిబిడ్డ ఉంది, మధ్యాహ్నం గదిలో ఉండలేకపోతున్నామని ఆ తల్లి రోజూ చెబుతోంది. మేడ మీద కొబ్బరాకుల పందిరి వేయిద్దామని మావారు అంటున్నారు. ఎండలు ముదరకముందే ఏమేం చేయించాలి? ఏ ఖర్చు మాది, ఏది వాళ్లది?
- ఒక సోదరి, కొళత్తూరు

జవాబు: అమ్మా, ముందు ఆ ఎలక్ట్రీషియన్‌కి వద్దని చెప్పేయండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ఎంసీబీ ఉన్నది ముఖ్యంగా గోడలో ఉన్న వైరుని కాపాడటానికి. వైరు మోయగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు లాగితే పడిపోవడమే దాని పని. ఆ కాలంలో కట్టిన ఇళ్లలో ప్లగ్ పాయింట్లకి మామూలుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకా సన్నం. దానికి 32 ఆంప్స్‌ది తగిలిస్తే లోపల వైరు మాడుతున్నా ఎంసీబీ కదలదు. పైగా పైవాటా వైర్లు పగలంతా కాగిన శ్లాబులోంచే వస్తాయి కదా, వేడి పెరిగేకొద్దీ వైరు మోసే శక్తి ఇంకా తగ్గుతుంది.

మా ఇంట్లో ఒక మే నెలలో జరిగింది చెబుతాను. అద్దెకున్నవాళ్లు ఏసీ ప్లగ్ తీయబోతే రాలేదు, ప్లాస్టిక్ కరిగి సాకెట్‌కి అతుక్కుపోయింది. పైన గోడ మీద అరచేతి వెడల్పున గోధుమరంగు మచ్చ. విప్పి చూస్తే లోపల వైరు బిగించే స్క్రూ వదులైపోయి ఉంది. వాళ్ల పాప పడుకునే మంచం ఆ గోడకి ఆనుకునే ఉంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పట్నుంచీ ఏటా ఫిబ్రవరిలో ప్రతి వాటాలోనూ బోర్డులు విప్పించి స్క్రూలన్నీ బిగింపిస్తాను, నేను పక్కనే నిలబడతాను.

మీరు చేయించాల్సింది ఇదీ: ఏసీకి డీబీ బోర్డు (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) నుంచి విడిగా ఒక లైను లాగించండి, టన్నున్నర ఏసీ అయితే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంప్స్ ఎంసీబీ, ఎర్త్ వైరు తప్పనిసరి. డీబీలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే అదీ పెట్టించండి, షాక్ నుంచి మనిషిని కాపాడేది అదే. దానిమీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడమని అద్దెకున్నవాళ్లకి చూపించండి. రెండో వాటావాళ్లూ ఏసీ పెట్టేలా ఉంటే ఈబీ (కరెంటు బోర్డు) వాళ్లు మీ ఇంటికి ఇచ్చిన లోడు సరిపోతుందో లేదో ఇప్పుడే కనుక్కోండి.

ఖర్చు సంగతి. 2019లో అమల్లోకి వచ్చిన తమిళనాడు అద్దె చట్టం ప్రకారం, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతే, వైరింగ్, పైపులు మార్చడం ఇంటివాళ్ల బాధ్యత. స్విచ్చులు, సాకెట్లు, కుళాయిల రిపేర్లు అద్దెకున్నవాళ్లవి. ఏసీ కోసం కొత్త లైను అంటే చెరిసగం అని మాట్లాడుకోవచ్చు, కానీ నేనైతే నేనే వేయిస్తాను, ఆ అబ్బాయి రేపు ఖాళీ చేసినా లైను మన ఇంట్లోనే ఉంటుంది కదా.

పందిరి మాత్రం వద్దండి. చెన్నైలో చాలా మేడల మీద ఇలాంటి కొబ్బరాకుల పందిరి, ఇక్కడివాళ్లు 'కీత్తు కొట్టాయి' అనేది, కనిపిస్తుంది, చల్లగా ఉంటుంది, నిజమే. కానీ ఎండిన ఆకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. 2004 జూలైలో కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు పోయింది అలాంటి ఆకుల కప్పు అంటుకునే. కింద చంటిబిడ్డ ఉన్న ఇంటి మీద అది వేయించకండి. దాని బదులు, మేడ మీద టైల్స్ మధ్య పగుళ్లు పూడ్పించి ఎండని తిప్పికొట్టే తెల్ల కోటింగ్ రెండు పూతలు వేయించండి. డబ్బు ఇబ్బందైతే సున్నమైనా సరే, కాకపోతే వానలకి పోతుంది, ఏటా వేయాలి. కత్తిరి ఎండలు, అంటే వేసవిలో బాగా మండిపోయే రోజులు, మే 4 ప్రాంతంలో మొదలవుతాయి, మార్చిలోనే పూయించేస్తే ఆ బిడ్డకి ఈ వేసవంతా పనికొస్తుంది. పగుళ్లు పూడ్చినందుకు అక్టోబరు వానల్లో ఉరుపులూ తగ్గుతాయి. ఒక్కసారి మధ్యాహ్నం మూడింటికి మీరే ఆ గదిలోకి వెళ్లి పదినిమిషాలు కూర్చుని రండి, ఆమె ఎందుకంతగా చెబుతోందో తెలుస్తుంది.

నీళ్ల గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. 2019 జూన్‌లో మీకు దగ్గర్లోనే ఉన్న, చెన్నైకి తాగునీళ్లిచ్చే పుళల్ చెరువు దాదాపు పూర్తిగా ఎండిపోయి ఊరంతా లారీల కోసం బిందెలు పట్టుకుని నిలబడింది. సంప్ కడిగించేది ఇప్పుడే, లారీ నీళ్లు పోయించుకునే రోజులు రాకముందే. కడిగేవాళ్లని మూత తీయగానే లోపలికి దింపకండి. మూసి ఉన్న సంప్‌లో గాలి ఆడక మనుషులు పోతారు, కాపాడబోయి దిగినవాళ్లు కూడా. నీళ్లు మోటారుతో తోడించి, పొడుగు కర్ర బ్రష్షుతో పైనుంచే కడిగించండి. పనయ్యాక మూతకి తాళం వేయించండి, ఆ చంటిబిడ్డ రేపో మాపో పాకుతుంది.