పదో మనిషి చేరే ముందు

చిరంజీవి శిరీషకు బాబాయి ఆశీస్సులు.

బొతిక్‌లోకి పదో మనిషిని తీసుకుంటున్నానన్నావు. సంతోషం తల్లీ. ఇన్నాళ్లూ జీతాల లెక్క డైరీలో రాసుకున్నా సాగింది. పదో మనిషితో ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, వస్తుంది. 15 రోజుల్లో బొతిక్‌ను నమోదు చేయించాలి. ఒకసారి వర్తించాక, రేపు ఇద్దరు మానేసి ఎనిమిది మందే మిగిలినా అది వదలదు. యజమానివి కాబట్టి నువ్వు ఆ పదిమందిలో లెక్కకు రావు. మగ్గం పనివాళ్లు మాత్రం వస్తారు. పీసు లెక్కన డబ్బు తీసుకున్నా, మన షెడ్డులో మన చేతికింద పనిచేసేవాళ్లు మన మనుషులే.

నెలకు 21,000 దాకా జీతమున్నవాళ్లకే ఈఎస్ఐ. వాళ్ల వాటా 0.75 శాతం, మనది 3.25 శాతం. కటింగ్ మాస్టర్‌కు 18,000 అనుకో. అతని జీతంలో 135 పట్టుకుని, నీవి 585 కలిపి 720 కడతావు. వృత్తి పన్ను 150 కూడా పోగా అతని చేతికొచ్చేది 17,715. అతని మీద నీకయ్యే ఖర్చు మాత్రం 18,585. జాకెట్టుకు కుట్టుకూలి ఎంత చెప్పాలో చూసుకునేటప్పుడు ఈ చివరి అంకెనే పట్టుకో.

ఎక్కువమంది తప్పేది అడ్వాన్సుల దగ్గర. దసరాకిచ్చిన 5,000లో నెలకు వెయ్యి పట్టుకుంటూ, మిగిలిన 17,000 మీద ఈఎస్ఐ లెక్కేస్తారు. అడ్వాన్సు బాకీ వసూలే తప్ప జీతం తగ్గడం కాదు. ముందు 18,000 మీద వాటా తేల్చి, ఆ తరవాతే బాకీ పట్టుకో. రెండో తప్పు జీతం పెంచినప్పుడు జరుగుతుంది. ఈఎస్ఐకి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక విడత, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటి. జూన్‌లో 20,500ను 22,000 చేశావనుకో, 21,000 దాటింది కదా అని ఆపెయ్యకూడదు. సెప్టెంబరు ఆఖరు దాకా 22,000 మీదే కట్టాలి: అతనివి 165, నీవి 715.

వాటా తగ్గించుకోవడానికి బేసిక్ తక్కువ చూపించి, మిగతాదంతా అలవెన్సుల కింద రాయమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగానికి మించితే, మించినంతా వేతనంలోకే వస్తుంది.

పీఎఫ్ ఇరవై మందయ్యాక. ఇప్పుడు దాని గోల అక్కర్లేదు గానీ, 15,000 మీద మనిషికి 1,800 మన వాటా, పైగా బీమాకు 75, నిర్వహణ ఖర్చులు వేరే ఉంటాయని గుర్తుంచుకుని పంతొమ్మిదో మనిషి దగ్గర ఒకసారి ఆగి ఆలోచించు.

వృత్తి పన్ను నెల 10లోపు, ఈఎస్ఐ 15లోపు కట్టాలి. జీతం 15,000 దాకా ఉంటే వృత్తి పన్ను లేదు, 20,000 దాకా 150, ఆపైన 200. నీ పేరిట వ్యాపారానికి కట్టేది వేరు, దానికి విడిగా నమోదుండాలి. జీతాల్లోంచి పట్టుకున్న డబ్బును ఒక్క వారం కూడా చీరల సరుకుకు తిప్పకు. ఈఎస్ఐ ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది, అది నీ జేబులోంచే.

జీతాలు బ్యాంకులోనే వెయ్యి. ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదుగా ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు ఒప్పుకోరు. 18,000 చేతికిచ్చావంటే ఆ 18,000 నీ లాభంలో కలిసిపోయినట్టే. ఇంటి ఖర్చుకు నువ్వు తీసేది జీతం కాదు, సొంత వాడకం. దాన్ని ఖర్చులో రాయకు.

కొత్తమ్మాయిని పది రోజుల్లోపు ఈఎస్ఐలో చేర్పించు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుండి, బ్యాంకులో ఒక్క పొడి అక్షరమే ఉంటే తరవాత క్లెయిము ఆగిపోతుంది. మనవాళ్ల పేర్లతో ఎప్పుడూ ఇదే తంటా. చేరేరోజే రెండూ పక్కపక్కన పెట్టి చూడు. 'నా జీతంలో ఎందుకు కోస్తారక్కా' అని అడిగితే, కాన్పుకు ముందటి రెండు విడతల్లో 70 రోజులకు వాటా పడి ఉంటే మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతం ఈఎస్ఐ ఇస్తుందని చెప్పు.

ఇట్లు,
మీ బాబాయి